గల్లంతైన యుద్ధ వైమానికులు: అన్వేషణ, గుర్తింపు, అంతిమ సంస్కారం

యుద్ధకాలంలో విమానంతో సహా కనిపించకుండా పోయి, ఏళ్ళు లేదా దశాబ్దాలు గడిచాక అవశేషాలు బయటపడిన సైనిక వైమానికుల గురించిన వ్యాసమిది. వారిని వెతకడం, ఎవరెవరో తేల్చడం, సైనిక లాంఛనాలతో సాగనంపడం అనే మూడు పనులూ ఇందులోకి వస్తాయి. పైలట్, నావిగేటర్, గన్నర్, రేడియో ఆపరేటర్ మొదలైన విమాన సిబ్బందిని వైమానికులు అంటారు. సైనిక రవాణా విమానాల్లో ప్రయాణిస్తూ గల్లంతైనవారి అన్వేషణ కూడా ఇదే పద్ధతిలో సాగుతుంది కాబట్టి శాంతికాలపు ప్రమాదాలు కొన్నిటిని ఇక్కడే చేర్చారు.

హోదాలు

సైనిక పరిభాషలో ‘గల్లంతు’ అంటే మరణం కాదు. మరణించారని గాని, బందీ అయ్యారని గాని తేలేవరకు ఇచ్చే తాత్కాలిక హోదా అది. కొంతకాలం చూసి, సాక్ష్యం లేకపోయినా ‘మరణించినట్టు భావిస్తున్నాం’ అని ప్రకటిస్తారు. పింఛను, ఆస్తి, పునర్వివాహం వంటి వ్యవహారాలన్నీ ఆ ప్రకటనతోనే కదులుతాయి. భారత చట్టంలో సాధారణ సూత్రం ఏడేళ్ళు: బతికుంటే సహజంగా కబురు అందవలసినవారికి ఏడేళ్ళపాటు ఏ కబురూ అందకపోతే, ఆ వ్యక్తి బతికే ఉన్నాడని వాదించేవారే రుజువు చూపాలి. పాత సాక్ష్య చట్టంలో ఇది 108వ సెక్షను. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 111వ సెక్షను.

మరణం ఖాయమై దేహం దొరకనివారిది వేరే వర్గం. నేలమీద పోరాడే సైనికుడి దేహాన్ని తోటివారు మోసుకొస్తారు, లేదా అక్కడే పూడుస్తారు. వైమానికుడు కూలేది ఎక్కువగా శత్రు భూభాగంలోనో, సముద్రంలోనో, మనిషి అడుగుపెట్టని కొండల్లోనో. కూలిన వేగానికి ఇంజను నేలలో లోతుకు దిగిపోతుంది, మీద మట్టి కప్పుకుపోతుంది. అందుకే ఏ దేశపు జాబితా చూసినా గల్లంతైనవారిలో వైమానికులు, నావికులు ఎక్కువగా కనిపిస్తారు.

స్వదేశమా, పడిన నేలా

దొరికిన అవశేషాలను ఎక్కడికి చేర్చాలన్న దానిపై దేశాలది ఒకే మాట కాదు. 1917లో ఏర్పడిన సామ్రాజ్య యుద్ధ సమాధుల సంఘం (నేటి కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం) ఎవరినీ స్వదేశానికి తరలించరాదని నిర్ణయించింది. డబ్బున్న కుటుంబాలు తమవారిని తెచ్చుకుని, లేనివారు తెచ్చుకోలేకపోతే మరణంలోనూ హెచ్చుతగ్గులు వస్తాయన్నది అందుకు చెప్పిన కారణం. కాబట్టి రెండు ప్రపంచ యుద్ధాల్లోని బ్రిటిష్, భారతీయ, ఆస్ట్రేలియన్ మృతులు ఎప్పుడు దొరికినా, దొరికిన ప్రాంతానికి దగ్గరలోని సైనిక శ్మశానంలోనే విశ్రమిస్తారు. సమాధి లేనివారికి పేరు చెక్కిన పలక ఒక్కటే గుర్తు. బ్రిటన్, వాయవ్య ఐరోపా ఆకాశంలో పోయిన 20,000 మందికి పైగా వైమానికుల పేర్లు లండన్ సమీపంలోని రన్నీమీడ్ స్మారకంపై ఉన్నాయి. దక్షిణ, తూర్పు ఆసియాలో పోయినవారివి సింగపూర్‌లోని క్రాంజీ స్మారకంపై ఉన్నాయి.

అమెరికా ఇందుకు విరుద్ధం. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక కుటుంబాలనే అడిగి, 1947–51 మధ్య దాదాపు 1.7 లక్షల మంది మృతులను సొంత దేశానికి చేర్చింది. నేటికీ ఆచూకీ లేనివారికోసం 2015లో ప్రత్యేక రక్షణ సంస్థను ఏర్పాటు చేసింది. ఆ యుద్ధంలోనే 70,000కు పైగా అమెరికన్ల లెక్క ఇంకా తేలలేదు.

భారత్‌లో 1999 కార్గిల్ పోరు వరకు మృతులకు ఎక్కువగా యుద్ధరంగం సమీపంలోనే అంత్యక్రియలు జరిగేవి. జెండా కప్పిన పేటిక సొంతూరికి రావడం, వీధులు నిండిపోవడం ఇప్పుడు అనాదిగా ఉన్న ఆచారంలా అనిపిస్తుంది గాని, నిజానికి అది కార్గిల్‌తో స్థిరపడినదే.

హైదరాబాద్ పేరు మోసిన దళాలు

తెలుగు నేలకు ఈ చరిత్రతో ఉన్న పాత బంధం ఊహించని చోట కనిపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన విరాళంతో డీహెచ్-9ఏ బాంబర్లు సమకూర్చుకున్న బ్రిటిష్ 110వ దళానికి ‘హైదరాబాద్’ అన్న పేరు స్థిరపడింది. 1918 సెప్టెంబరులో ఫ్రాన్సు చేరిన ఆ దళం జర్మనీ పట్టణాలపై పగటిపూట దాడులు చేస్తూ భారీగా నష్టపోయింది. దాని విమానాల్లో ఒకటి, ఎఫ్-1010, ఆ అక్టోబరు 5న జర్మన్ల చేతికి చిక్కింది. నిజాం కానుక అని రాసి ఉన్న ఆ విమానం ఇప్పుడు లండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉంది. రెండో యుద్ధంలో 152, 253 సంఖ్యల ఫైటర్ దళాలు కూడా ‘హైదరాబాద్’ పేరుతోనే పోరాడాయి.

253వ దళం స్కాట్లండ్ నుంచి లండన్ దక్షిణాన ఉన్న కెన్లీ స్థావరానికి 1940 ఆగస్టు 29న వచ్చింది. మర్నాడే పలు హరికేన్ విమానాలను కోల్పోయింది. వాటిలో ఎల్-1965ను నడిపిన పైలట్ ఆఫీసర్ కోలిన్ ఫ్రాన్సిస్‌కు 19 ఏళ్ళు. శత్రువును ఎదుర్కోవడం ఆయనకు అదే మొదటిసారి. విమానం ఎక్కడ కూలిందో ఎవరూ చూడలేదు. ఆయన పేరు రన్నీమీడ్ పలకకెక్కింది. నలభై ఒక్క ఏళ్ళ తర్వాత, 1981 ఆగస్టులో, కెంట్ కౌంటీలోని రోథమ్ దగ్గర ఒక పొలంలో పాత విమానాల ఔత్సాహికులు తవ్వితే కాక్‌పిట్‌లో ఆయన అవశేషాలు బయటపడ్డాయి. బ్రూక్‌వుడ్ సైనిక శ్మశానంలో పూర్తి లాంఛనాలతో ఖననం చేశారు. కెన్లీ నుంచి రోథమ్ దూరం పెద్దదేమీ కాదు. ఆయన స్వదేశంలోనే, స్థావరానికి చేరువలోనే అన్నేళ్ళూ ‘గల్లంతు’గా ఉన్నారు.

ఇలాంటి ఔత్సాహిక తవ్వకాలు 1970 దశకంలో బ్రిటన్‌లో విపరీతమయ్యాయి. కొందరి దృష్టి జ్ఞాపికలపైనే ఉండేదన్న విమర్శ వచ్చింది. 1986లో సైనిక అవశేషాల రక్షణ చట్టం తెచ్చి, అనుమతి లేకుండా కూలిన సైనిక విమానాన్ని కదిలించడాన్ని నేరం చేశారు. మానవ అవశేషాలు ఉండవచ్చని తోస్తే సాధారణంగా అనుమతి ఇవ్వరు. దీనివల్ల కొందరు వైమానికులు ఎక్కడున్నారో తెలిసినా నేలలోనే ఉండిపోయారన్నది ఆ చట్టంపై ఉన్న ఫిర్యాదు. నెదర్లాండ్స్ మరో దారి పట్టింది. అవశేషాలు దొరికే అవకాశమున్న శిథిలాలను ప్రభుత్వమే ఖర్చు పెట్టి వెలికితీసే జాతీయ కార్యక్రమాన్ని 2019లో మొదలుపెట్టింది. 1943 మార్చిలో ఏడుగురితో మార్కర్‌మీర్ సరస్సులో మునిగిన స్టిర్లింగ్ బాంబర్ బీకే-716ను 2020లో అలాగే బయటికి తీసింది.

హంప్: ఈశాన్య భారతపు కొండలు

1942లో బర్మా జపాన్ వశమయ్యాక చైనాకు సరుకు చేరవేయడానికి వాయుమార్గం ఒక్కటే మిగిలింది. అస్సాంలోని చబువా, జోర్హాట్ వంటి స్థావరాల నుంచి హిమాలయాల తూర్పు కొసమీదుగా కున్మింగ్‌కు సాగిన ఆ దారిని పైలట్లు ‘హంప్’, అంటే మూపురం, అనేవారు. మంచు, హఠాత్తుగా మారే గాలులు, నమ్మదగిన పటాలు లేకపోవడం కారణంగా యుద్ధం ముగిసేలోపు దాదాపు 600 విమానాలు నేలకూలాయి. భారత భూభాగంలో ఆచూకీ తేలని అమెరికన్లు సుమారు 400 మంది అని లెక్క. అందులో అత్యధికులు ఈశాన్యంలో గల్లంతైనవారే.

శిథిలాలను మొదట చూసింది అక్కడి వేటగాళ్ళే. అల్యూమినియం రేకు ఇళ్ళకు చేరి గిన్నెలుగా, గృహోపకరణాలుగా మారింది. అరిజోనాకు చెందిన క్లేటన్ కూల్స్ అనే పర్వతారోహకుడు ఊరూరా వాకబు చేస్తూ వారి వెంటే నడిచి చాలా శిథిలాలను గుర్తించాడు. 1944 జనవరి 25న కున్మింగ్ నుంచి చబువాకు తిరిగివస్తూ ఎనిమిది మందితో అదృశ్యమైన బీ-24 బాంబర్ ‘హాట్ యాజ్ హెల్’ను 2006లో అరుణాచల్ ప్రదేశ్‌లోని దమ్రో దగ్గర కనుక్కున్నాడు. సరిహద్దు రాష్ట్రం కావడంతో తవ్వకానికి అనుమతులు ఏళ్ళ తరబడి నలిగాయి. 2015లో గాని పని సాగలేదు. 2016 ఏప్రిల్‌లో ఆ అవశేషాలతోపాటు 1945 జులై 17న జోర్హాట్ నుంచి బయల్దేరి కూలిన సీ-109 విమానంలోనివని భావించిన అవశేషాలను కూడా న్యూఢిల్లీలో లాంఛనంగా అప్పగించారు. అమెరికా రక్షణ మంత్రి ఆష్ కార్టర్ ఆ సమయంలో అక్కడే ఉన్నారు. బీ-24 బాంబార్డియర్ ఫస్ట్ లెఫ్టినెంట్ రాబర్ట్ ఆక్స్‌ఫర్డ్ 2017 జూన్‌లో జార్జియా రాష్ట్రంలోని సొంతూరు కాంకర్డ్‌లో ఖననమయ్యారు. తల్లిదండ్రులు అప్పటికి లేరు.

అస్సాంలోని సాపేఖాటీలో 1944 జూన్‌లో 11 మందితో వరిపొలంలో కూలిన బీ-29 కథ ఇటీవలిది. నెబ్రాస్కా విశ్వవిద్యాలయం, గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ విజ్ఞానాల విశ్వవిద్యాలయం కలిసి అక్కడ బురదమట్టిని నీళ్ళతో కడుగుతూ జల్లెడ పట్టాయి. జల్లెడలో ఒకే తీరుగా కనిపించే రాయి, కరిగిన లోహం, ఎముక ముక్కలను చేతివేళ్ళతో వేరుచేస్తారు. పాసీఘాట్‌లో 2023 నవంబరులో హంప్ మ్యూజియం తెరిచారు.

స్వతంత్ర భారతం

1965 సెప్టెంబరు 7న సర్గోధాపై దాడికి వెళ్ళి తిరిగిరాని స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ దేవయ్య కొడగువాసి. తన పాత మిస్టేర్ విమానంతో ఆధునిక స్టార్‌ఫైటర్‌ను పడగొట్టాడన్న సంగతి చాలాకాలం తర్వాత పాకిస్తాన్ వైపు వివరాల ద్వారా తెలిసింది. 1988లో మహావీర్ చక్ర ఇచ్చారు. దేహం మాత్రం భారత్‌కు రాలేదు. 1971 యుద్ధంలో గల్లంతై పాకిస్తాన్ జైళ్ళలో ఉన్నారని కుటుంబాలు నమ్మిన 54 మందిలో వైమానికదళ అధికారులు అనేకులు. ఆ కుటుంబాల్లో కొందరు 2007లో పాకిస్తాన్ జైళ్ళు చూసి ఉత్త చేతులతో తిరిగివచ్చారు. వారి విషయంలో మరణ ధ్రువీకరణ కూడా వివాదమే.

దేశంలో అత్యంత సుదీర్ఘమైన అన్వేషణ మాత్రం యుద్ధ సంఘటన కాదు. 1968 ఫిబ్రవరి 7న 102 మందితో చండీగఢ్ నుంచి లేహ్‌కు బయల్దేరిన ఏఎన్-12 (బీఎల్-534) వాతావరణం బాగోలేక వెనుదిరిగి, రోహతాంగ్ సమీపంలో అంతర్ధానమైంది. 35 ఏళ్ళు ఏ ఆనవాలూ లేదు. 2003లో మనాలి పర్వతారోహణ సంస్థ బృందానికి లాహౌల్‌లోని ఢాకా హిమానీనదంపై శకలాలు, సిపాయి బేలీ రామ్ దేహం కనిపించాయి. హిమానీనదం నెమ్మదిగా కిందికి జారుతూ, కరిగినప్పుడల్లా కొంత అప్పగిస్తుంది. డోగ్రా స్కౌట్స్ యాత్రలు 2005 నుంచి సాగుతున్నా 2019 నాటికి దొరికినవి ఐదు దేహాలే. 2024 సెప్టెంబరు చివర మరో నాలుగు దొరికాయి. వాటిలో సిపాయి మల్ఖాన్ సింగ్‌ను జేబులో మిగిలిన వోచరు పట్టించింది. కేరళలోని ఇలంతూరుకు చెందిన థామస్ చెరియన్‌ను వెంట ఉన్న పత్రాలు పట్టించాయి. 22 ఏళ్ళకు పోయిన ఆయనను 56 ఏళ్ళ తర్వాత సొంతూరి చర్చిలో ఖననం చేశారు.

గుర్తింపు పద్ధతి

ఎముక దొరకడంతో పని సగం కూడా కాదు. మొదట చేసేది విమానాన్ని గుర్తించడం. ఇంజను, మెషిన్‌గన్‌ల మీది క్రమసంఖ్యలు విమానపు నంబరును చెబుతాయి; ఆ రోజు అందులో ఎవరెవరు ఎక్కారో దళపు దినచర్య పుస్తకం చెబుతుంది. అనుమానితుల జాబితా ఇలా పదిమందికో పదకొండు మందికో కుదించుకుపోతుంది. ఆ తర్వాత దంతాలు, పాత ఎముక విరుగుళ్ళు, ఎత్తు, వయసు చూస్తారు.

మెడలో వేసే గుర్తింపు బిళ్ళ అన్నిసార్లూ అక్కరకు రాదు. బ్రిటిష్ కామన్వెల్త్ దళాలు రెండో యుద్ధంలో వాడినవి ఒత్తిన నారతో చేసిన ఎరుపు, ఆకుపచ్చ బిళ్ళలు. అవి నేలలో కుళ్ళిపోతాయి, మంటలో కాలిపోతాయి. అమెరికన్లవి లోహపువి. సియాచిన్‌లో 1984లో హిమపాతంలో చిక్కి 2022లో దొరికిన లాన్స్ నాయక్ చంద్రశేఖర్ హర్బోలాను పట్టించింది కూడా సైనిక సంఖ్య ఉన్న లోహపు బిళ్ళే.

మిగిలింది డీఎన్‌ఏ. పాత ఎముకల్లో ఎక్కువగా నిలిచేది మైటోకాండ్రియా డీఎన్‌ఏ. అది తల్లి నుంచి మాత్రమే వస్తుంది. కాబట్టి గల్లంతైన వ్యక్తి పిల్లలు ఇక్కడ ఉపయోగపడరు. అక్కాచెల్లెళ్ళు, వారి బిడ్డలు, మేనమామలు కావాలి. తండ్రివైపు వై-క్రోమోజోమ్ పరీక్షకు అన్నదమ్ములు, కొడుకులు, పెదనాన్న చిన్నాన్నల కొడుకులు పనికొస్తారు. మన దగ్గర ఈ రంగంలో పేరున్న ప్రయోగశాల హైదరాబాద్‌లోని సీసీఎంబీ. పంజాబ్‌లోని అజ్నాలాలో పాత బావి నుంచి 2014లో తీసిన ఎముకలను ఆ సంస్థ, ఇతర సంస్థలతో కలిసి పరీక్షించింది. 50 నమూనాల్లో డీఎన్‌ఏ, 85 దంతాల్లో ఆక్సిజన్ ఐసోటోపులు చూసి, వారు గంగా మైదానానికి చెందినవారని 2022లో ప్రకటించింది. 1857లో చంపిన 26వ బెంగాల్ నేటివ్ ఇన్‌ఫెంట్రీ సిపాయిలన్న వాదనకు అది బలమిచ్చింది. అజ్నాలా మృతులు వైమానికులు కారు, కాని పద్ధతి ఇదే: తాగిన నీటి ఆనవాలు పంటిలో ఉండిపోతుంది, దాన్నిబట్టి ఏ ప్రాంతంలో పెరిగాడో చెప్పవచ్చు. పేరు చెప్పాలంటే మాత్రం బంధువు కావలసిందే.

లాంఛనాలు

పేటికపై జాతీయ జెండా, దానిపై టోపీ, పతకాలు. ఆయుధాలను తలకిందులుగా పట్టి ‘శోక్ శస్త్ర్’. బ్యూగిల్‌పై లాస్ట్ పోస్ట్. గాలిలోకి మూడు విడతల కాల్పులు. భారత జెండాను దహించరాదు, పూడ్చరాదు. కాబట్టి చితి పేర్చేముందు తీసి మడిచి కుటుంబానికి అందిస్తారు. చాలా దేశాల వైమానికదళాలు విమానాల వరుసలో ఒక చోటు ఖాళీగా వదిలి ఎగురుతాయి. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో స్వాతంత్ర్యానంతరం అమరులైన 25,000 మందికి పైగా సైనికుల పేర్లు చెక్కి ఉన్నాయి.

దేహం లేని కర్మ

ధార్మిక సంప్రదాయంలో గల్లంతైనవారికి వేరే విధి ఉంది. పన్నెండేళ్ళు ఎదురుచూడాలన్నది పెద్దల మాట. ఆపైన గరుడ పురాణం చెప్పే పలాశ విధిలో 360 మోదుగాకు కాడలతో మనిషి ఆకారం పేర్చి, తల స్థానంలో కొబ్బరికాయ ఉంచి దహనం చేస్తారు. ఆ బూడిదనే అస్థికలుగా భావించి నీటిలో కలుపుతారు. గౌతమి ఒడ్డున ఉన్న కోనసీమ గ్రామాల్లో, ఆత్రేయపురం మండలం వాడపల్లి వంటి చోట్ల, కర్మలకు నది రేవే వేదిక. ఈ విధి జరిపాక నిజమైన అవశేషాలు దొరికితే వాటికి మళ్ళీ సంస్కారం చేస్తారు.

తెలుగు తీరం

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. అప్పటి యుద్ధకాలంలో దక్షిణ, తూర్పు భారతంలో చనిపోయి చెదురుమదురుగా ఖననమైన కామన్వెల్త్ సైనికులను తర్వాత చెన్నై మీనంబాక్కం సమీపంలోని మద్రాసు యుద్ధ శ్మశానంలో ఒకచోట చేర్చారు.

విశాఖ ఎదుట సముద్రంలో 1971 డిసెంబరు తొలివారంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని, 1944లో మునిగిన జపాన్ జలాంతర్గామి ఆర్‌ఓ-110ను భారత నౌకాదళం గుర్తించింది. కాని నావికుల సంప్రదాయం ప్రకారం లోపలున్నవారి మీద గౌరవంతో ఘాజీని తాకలేదు. సముద్రమే సమాధి అన్న ఈ నియమం వైమానికులకు ఎప్పుడు వర్తించాలన్నదానిపై ఏకాభిప్రాయం లేదు.

బంగాళాఖాతంలోనే ఇంకో విమానం ఉంది. 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు బయల్దేరిన వైమానికదళ ఏఎన్-32లో 29 మంది ఉన్నారు. వారిలో ఎనిమిది మంది విశాఖపట్నంలోని నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. వారాల తరబడి సాగిన గాలింపులో ఒక్క శకలమూ దొరకక, సెప్టెంబరులో అందరూ మరణించినట్టు భావించాలని కుటుంబాలకు తెలిపారు. ఏడేళ్ళ తర్వాత చెన్నైలోని జాతీయ సాగర సాంకేతిక సంస్థ తన మానవరహిత జలాంతర వాహనంతో సోనార్ పటాలు తీసి, చెన్నై తీరం నుంచి 140 నాటికల్ మైళ్ళ దూరంలో, 3,400 మీటర్ల లోతున శకలాలను ఫొటో తీసింది. అవి ఆ విమానానివేనని, ఆ ప్రాంతంలో మరే విమానమూ కూలిన దాఖలా లేదని రక్షణ శాఖ 2024 జనవరి 12న ప్రకటించింది. ప్రకటనలో శకలాల ఫొటోలున్నాయి గాని, అవశేషాలను పైకి తేవడం గురించి ఏమీ లేదు.